వెస్ట్ అండ్ లక్కీ

డాక్టర్ వసంతలక్ష్మి కంట్రీ సింగర్ కావాలని ఎన్నడూ అనుకోలేదు. డిష్‌వాషర్ బాగుచేసే మనిషి చెప్పిన రోజున వచ్చి ఉంటే అయ్యేదీ కాదు.

ఆమె రేడియాలజిస్టు. తెనాలిలో పుట్టి, గుంటూరులో మెడిసిన్ చదివి, పెళ్లయిన మరుసటి ఏడు మిషిగన్ వచ్చింది. డెట్రాయిట్ శివార్లలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలూ స్కాన్లూ చూస్తూ ఉద్యోగమంతా గడిపింది. భర్త ఆదిశేషు మెకానికల్ ఇంజనీరు. నోవైలో కారు సీట్ బెల్టులు డిజైన్ చేసేవాడు. మనిషీ అలాంటివాడే. పక్కన ఉన్నట్టే తెలియదు, ఎక్కడికీ వదిలిపోడు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండగా వసంతలక్ష్మి కారులో రేడియో ముల్లు కంట్రీ మ్యూజిక్ అనే అమెరికా పల్లెపాటలు వేసే ఒక స్టేషన్ దగ్గర ఇరుక్కుపోయింది. ఆదిశేషు బాగుచేస్తానన్నాడు. ముందు సరేనంది, తర్వాత వద్దంది. మంచు కురిసే పొద్దుటిపూట ఆసుపత్రికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్తుంటే ఆ రేడియోలో ట్రక్కు పోగొట్టుకున్నవాళ్లూ, కుక్క చచ్చిపోయినవాళ్లూ, మొగుళ్లు వదిలేసినవాళ్లూ వరసగా వచ్చి గోడు చెప్పుకునేవారు. ఆమెకు ఆ గోడు హాయిగా ఉండేది. చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకుని మానేసిన సంగీతం గొంతులో ఎక్కడో మిగిలే ఉంది. వాళ్లతో కలిసి తనూ పాడేది. కంట్రీ పాటలో గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేచోట ఆమె గొంతు గమకం వేసేది. వినడానికి కారులో ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

రిటైరయ్యాక మంచు పడలేక జార్జియాలోని కమ్మింగ్‌కి మారారు. కూతురు రచన అక్కడే ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోడక్ట్ మేనేజర్.

కొత్త ఇంట్లో డిష్‌వాషర్ చెడిపోయింది. కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే, ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య మనిషి వస్తాడన్నారు. రాలేదు. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ అదే మాట. ఇలా నెల గడిచింది. అతను వచ్చేవేళకు ఎక్కడ బెల్లు వినబడకుండా పోతుందోనని వసంతలక్ష్మి మిక్సీ వేయడం మానేసింది. ఒక పొద్దున ఎదురుచూసీ ఎదురుచూసీ, వంటింట్లో నిలబడి, ఇంగ్లీషులో ఒక పాట కట్టింది. తెలుగులో చెప్పుకుంటే అది ఇలా ఉంటుంది:

*ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య వస్తానన్నావు,*
*ఏ రోజు ఎనిమిదో చెప్పకుండానే పోయావు.*
*తలుపు తడితే వినబడదని తలంటైనా పోసుకోలేదు,*
*లోపల నిలిచిన నీళ్లు ఎటూ కదలడం లేదు.*

ఆ గురువారం సాయంత్రం గిన్నెలు కడిగే ఓపిక లేక భార్యాభర్తలిద్దరూ ఇంటి దగ్గరి బార్బెక్యూ హోటలుకి వెళ్లారు. శాకాహారులు గనక మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు తెప్పించుకున్నారు. అక్కడ గురువారాలు ఎవరైనా స్టేజి ఎక్కి పాడవచ్చు. గిటార్ వాయించేందుకు హోటల్ మనిషే ఒకడున్నాడు.

"వెళ్లి పాడు వసంతా," అన్నాడు ఆదిశేషు. "పొద్దుట్నుంచి నాకొక్కడికే వినిపిస్తున్నావు."

స్టేజి చూసుకునే డ్వేన్ అనే ఆయన పేరడిగాడు. వసంతలక్ష్మి అని చెప్పింది. డ్వేన్ తలూపి మైకు దగ్గరికి వెళ్లి, "ఇప్పుడు మన ముందుకు వస్తున్నారు, వెస్ట్ అండ్ లక్కీ!" అని ప్రకటించాడు. ఇద్దరు వస్తున్నారని రెండు స్టూళ్లు వేయించాడు.

ఆమె ఒక్కతే ఎక్కింది. డ్వేన్ ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. హాలంతా చూసింది.

"లక్కీ ఎక్కడ, హనీ?" అని మెల్లిగా అడిగాడు డ్వేన్.

అమెరికాలో ఇన్నేళ్లుగా తన పేరులో లక్ష్మిని ఎవరు ఎలా పలికినా ఆమెకు అలవాటే. ఇతను కూడా పేరే అడుగుతున్నాడనుకుంది.

"నేనే. నేనొక్కదాన్నే," అంది మైకులో.

లక్కీ వదిలేసిపోయాడని హాలంతా అనుకుంది. నీలం చీర కట్టుకుని, కాళ్లకు నడక బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ, పక్కన ఖాళీ స్టూలు. పాట మొదలుపెట్టింది. రెండో చరణానికి ఒక ట్రక్కు డ్రైవరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. లోపల నిలిచిన నీళ్ల దగ్గర ఆమె గొంతు జారి, ఊగి, ఎక్కడో తెనాలిలో తేలింది. వడ్డించే అమ్మాయిలు ట్రేలు పట్టుకుని ఉన్నచోటే ఏడ్చారు.

పాట అయ్యాక ఒకావిడ ఆదిశేషు దగ్గరికొచ్చింది. అతని ఒళ్లో వసంతలక్ష్మి హ్యాండ్‌బ్యాగు ఉంది.

"మీరేనా లక్కీ?" అంది.

భార్యకు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆదిశేషుకి కళ్లు చెమర్చి ఉన్నాయి. "అవునమ్మా," అన్నాడు మనస్ఫూర్తిగా. "వెరీ, వెరీ లక్కీ."

ఆవిడ తన చేతిలోని గ్లాసెడు చల్లటి స్వీట్ టీ అతని చొక్కా మీద పోసి వెళ్లిపోయింది.

ఎవరో ఆ పాట ఫోన్‌లో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. వారం తిరక్కుండా పక్క ఊళ్ల నుంచి పిలుపులు మొదలయ్యాయి. పోస్టర్ల మీద వెస్ట్ అండ్ లక్కీ అనే వేశారు. ప్రతి చోటా రెండు స్టూళ్లు వేశారు. ఆమె వస్తే చప్పట్లు కొట్టేవారు, ఖాళీ స్టూలు మీద లైటు పడితే నిట్టూర్చేవారు.

వసంతలక్ష్మికి అబద్ధం పడదు. ప్రతి చోటా పాటకు ముందు, "ఇది డిష్‌వాషర్ గురించి రాసిన పాట," అని స్పష్టంగా చెప్పేది. జనం ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకునేవారు. పాపం, ఎంత గుండె నిబ్బరమో, నవ్వుతూ దాచుకుంటోంది అనేవారు.

ఇంకో పాట కట్టింది. ఇంట్లో పొగ కనిపెట్టే అలారంలో బ్యాటరీ అయిపోయి, ఏ గదిలోదో తెలియకుండా కూస్తుంటే విసిగిపోయి కట్టింది:

*ఏ మూల ఉన్నావో తెలియదు, నీ కూత మాత్రం ఆగదు.*
*నిచ్చెన వేసి ఎక్కానంటే, నీ ఊసే ఉండదు.*

ఆ పాటకు మేకన్ ఊళ్లో ఒక మగాయన స్పృహ తప్పాడు. తర్వాత పెరట్లో గోంగూర మడిని జింక మేసేసిన దాని మీద ఇంకోటి కట్టింది. నేను పెంచినదంతా ఒక్క రాత్రిలో తినిపోయావు, ఒక్క ఆకైనా నాకుంచలేదు అని. దాంతో లక్కీ మీద కోపం హద్దు దాటింది. ఆదిశేషు కాయగూరలు కొనడానికి వెళ్తే, అతన్ని పోల్చుకున్న ఒక ముసలావిడ దారికి అడ్డంగా బండి పెట్టి, "ఆవిడ దగ్గర ఏం మిగిల్చావు?" అని నిలదీసింది. ఆదిశేషు కాస్త ఆలోచించి, "నిన్నటి పప్పు ఉందండీ," అన్నాడు.

సంగతి తెలుగువాళ్లకూ పాకింది. ఒక ఆదివారం ఆంజనేయప్రసాద్ గారు, ఆయన భార్య చంద్రిక వచ్చారు. ఆయన రిటైరైన గుండె డాక్టరు, తెలుగు సంఘానికి పెద్ద. ఎవరింట్లో తగవొచ్చినా ఆయనే తీరుస్తాడు. సోఫాలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఆదిశేషు కాఫీలు తెచ్చి ఇచ్చాడు.

"చెప్పమ్మా వసంతలక్ష్మీ," అన్నాడు ఆంజనేయప్రసాద్ కాఫీ అందుకుంటూ. "ఆదిశేషు గారు ఎప్పుడు వెళ్లిపోయారు?"

"ఎక్కడికి వెళ్లారండీ? మీకు కాఫీ ఇచ్చిందెవరు?"

ఆయన తలెత్తి చూశాడు. "నమస్కారమండీ ఆదిశేషు గారూ. నేననేదీ అదేనమ్మా. ఇలా కాఫీ పెట్టిచ్చే మనిషి ఎందుకు వెళ్లిపోయి ఉంటాడు?"

"వెళ్లలేదండీ," అన్నాడు ఆదిశేషు.

"మీరు ఊరుకోండి. మీ తరఫున కూడా నేనే మాట్లాడుతున్నాను," అన్నాడు ఆంజనేయప్రసాద్.

చంద్రిక వసంతలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "ఆ పాట విన్నాను వదినా. లోపల నిలిచిన నీళ్లు... ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వీరు కూడా వెళ్లిపోతారేమోనని తలుపుకి గొళ్లెం పెట్టాను."

"నీళ్లు డిష్‌వాషర్‌లో, చంద్రికా," అంది వసంతలక్ష్మి.

చంద్రిక ఆమెను కావలించుకుని భోరుమంది. వెళ్లేటప్పుడు ఆంజనేయప్రసాద్ గుమ్మంలో ఆదిశేషు భుజం తట్టి, "తిరిగి రావడానికి సిగ్గుపడకండి. ఇది మీ ఇల్లే," అని చెప్పి కారెక్కాడు.

కంట్రీ పాటలకు రాజధాని లాంటి నాష్‌విల్ నుంచి ఒక రికార్డు కంపెనీ తరఫున ట్రేసీ అనే ఆవిడ వచ్చింది. బేరమంతా రచన చూసుకుంది. తల్లి పాటల్ని ఆఫీసు పనిలాగే పట్టుకుంది రచన. ఆదివారాలు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి మీటింగులు పెట్టేది.

"అమ్మా, లక్కీ ఈజ్ ద బ్రాండ్. లక్కీ ఎవరో పీపుల్‌కి తెలీకూడదు. డాడీ, నువ్వు షోస్‌కి వస్తే బ్యాక్‌స్టేజ్‌లో ఉండాలి, ఓకే?"

"మీ అమ్మ బ్యాగు ఎవరు పట్టుకుంటారమ్మా?"

"బ్యాక్‌స్టేజ్‌లో పట్టుకో, డాడీ. డోంట్ టేక్ ఇట్ పర్సనల్లీ."

ఆదిశేషు పర్సనల్‌గా తీసుకోలేదు. తెర వెనక ఒక కుర్చీ వెతుక్కుని కూర్చునేవాడు. పాట మధ్యలో ఆమెకు దగ్గొస్తుందని మిరియాల పాలు ఫ్లాస్కులో పట్టుకునేవాడు.

ఇంతలో అసలు లక్కీలు రావడం మొదలుపెట్టారు.

మొదట వచ్చినవాడు క్లైడ్. అలబామావాడు, తెల్లమీసాలు, పెద్ద టోపీ. ఒక షోలో రెండో పాట నడుస్తుండగా స్టేజి ఎక్కి వచ్చి ఖాళీ స్టూలు మీద కూర్చుని, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. "నన్ను క్షమించు వెస్ట్," అన్నాడు. హాలు హోరెత్తిపోయింది. వసంతలక్ష్మి పాట ఆపి అతని నాడి చూసింది. వేగంగా కొట్టుకుంటోంది. నీళ్లు తాగించింది.

షో అయ్యాక తెర వెనక కూర్చోబెట్టి అడిగింది. అతను వదిలేసి వచ్చిన ఆవిడ పేరు డార్లీన్. ఎన్నో ఏళ్ల కిందటి మాట. ఆవిడ ఎక్కడుందో ఇప్పుడు తెలియదు. క్షమాపణ చెప్పుకోవడానికి ఒక ఖాళీ స్టూలు కనబడింది గనక వచ్చాడు.

"తప్పయిపోయిందండీ," అన్నాడు.

"నాకు చెప్పి ఏం లాభం? ఆవిణ్ణి వెతుకు," అంది వసంతలక్ష్మి. ఆదిశేషు అతనికి కాసిని మిరియాల పాలు పోశాడు.

క్లైడ్ వీడియో చూసి ఇంకొందరు వచ్చారు. టెనెసీ నుంచి ఒక స్కూలు మాస్టారు, కెంటకీ నుంచి కవల సోదరులు. ఆ కవలలిద్దరూ ఒకే మనిషిని వదిలేశారట, వేరువేరు ఏళ్లలో. ప్రతి షోలో ఎవరో ఒకరు ఎక్కి కూర్చునేవారు. రద్దీ ఎక్కువై స్టూలు పక్కన బెంచీ వేయించాల్సి వచ్చింది. వసంతలక్ష్మి అందరి మాటా వినేది. అందరికీ ఒకటే చెప్పేది, ఇంటికి పొమ్మని. నిజంగానే కొందరు వెళ్లారని తర్వాత తెలిసింది. ఒకతన్ని ఇంటావిడ లోపలికి రానిచ్చింది కూడానట.

నాష్‌విల్‌లో పెద్ద షో ఖాయమైంది. ఆ షోకి ఇంతమంది లక్కీలు కుదరదని, ఒక్కణ్ణే ఎంపిక చేయాలని ట్రేసీ అంది. అట్లాంటాలో ఒక హోటల్లో ఆడిషన్ పెట్టారు. వరసలో నిలబడినవాళ్లలో ఆదిశేషు ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కొత్త టోపీ కొనుక్కున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ట్రేసీ బ్యాక్‌స్టేజి చీకట్లో తప్ప అతన్ని ఎప్పుడూ చూడలేదు. గుర్తుపట్టలేదు.

"ఎవరినైనా వదిలేసి వెళ్లారా?" అని అడిగింది.

"లేదండీ."

"పోనీ, వెళ్లాలని అనుకున్నారా?"

ఆదిశేషు నిజాయితీగా గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. "ఒకసారి వాల్‌గ్రీన్స్ మందుల షాపుకి వెళ్లి ఆలస్యంగా వచ్చాను. లైను పెద్దగా ఉంది."

"మీరేం పని చేసేవారు?"

"సీట్ బెల్టులు డిజైన్ చేశానండీ."

ట్రేసీ జాలిగా చూసింది. "సర్, మిమ్మల్ని చూస్తే వదిలేసే మనిషిలా అనిపించడం లేదు. జనం నమ్మరు," అంది. క్లైడ్‌ని తీసుకున్నారు.

ఆ సాయంత్రం ఆదిశేషు అన్నం దగ్గర కూర్చుని కెలుకుతున్నాడు.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అంది వసంతలక్ష్మి.

"నన్ను వద్దన్నారు వసంతా."

"ఎవరు? దేనికి?"

"లక్కీగా. నేను పనికిరానన్నారు."

ఆమెకు ముందు నవ్వొచ్చింది. అతని మొహం చూసి ఆపుకుంది. ఇన్నేళ్లలో ఆదిశేషు ఒక ప్రమోషన్ కోసం గానీ, ఒక అవార్డు కోసం గానీ బాధపడటం ఆమె చూడలేదు. కొత్త టోపీ ఇంకా తల మీదే ఉంది.

"నీ పక్కన కూర్చోవాలనిపించింది. అంతే," అన్నాడు. "అందరూ కూర్చుంటున్నారు కదా."

నాష్‌విల్ షో రోజున హాలు కిక్కిరిసింది. ముందు వరసలో అన్నీ బూట్లూ టోపీలూ, వెనక ఒక మూల ఆంజనేయప్రసాద్ గారి ఆధ్వర్యంలో తెలుగు సంఘం. మూడో పాటకు క్లైడ్ రావాలని ఏర్పాటు. అతను మోకాళ్ల మీద కూర్చోవాలి, ఆమె క్షమించాలి. రచన, ట్రేసీ ఎన్నోసార్లు రిహార్సల్ చేయించారు.

రెండు పాటలు పాడింది వసంతలక్ష్మి. మూడో పాటకు లైటు ఖాళీ స్టూలు మీద పడింది.  ఆమె పక్కకు చూసింది. తెర వెనక, ఆ పక్క క్లైడ్ టోపీ సర్దుకుంటున్నాడు. ఈ పక్క ఆదిశేషు ఒక చేతిలో ఫ్లాస్కు, ఒక చేతిలో హ్యాండ్‌బ్యాగు పట్టుకుని, ఆమెకు దగ్గొస్తుందేమోనని ముందుకు వంగి చూస్తున్నాడు.

"ఏవండీ," అంది వసంతలక్ష్మి మైకులో. "ఇలా రండి."

ఆదిశేషు వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"మిమ్మల్నే. వచ్చి కూర్చోండి."

అతను వచ్చాడు. స్టూలు ఎత్తుగా ఉంది. ఫ్లాస్కు ఆమెకిచ్చి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఎక్కి కూర్చున్నాడు. 

"ఈయన నా భర్త," అంది వసంతలక్ష్మి. "ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లలేదు."

తెర వెనక రచన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. అంతా అయిపోయిందనుకుంది.

ముందు వరసలో ఒక ముసలావిడ కర్ర పట్టుకుని లేచింది. "మంచి పని చేశావు, హనీ!" అని అరిచింది. "ఆ లక్కీగాడు పోతే పోయాడు. నీకు మంచివాడు దొరికాడు!"

హాలు దద్దరిల్లిపోయింది. ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. వెస్ట్ మళ్లీ పెళ్లి చేసుకుంది, వెస్ట్ కోలుకుంది. క్లైడ్ తనంతట తనే స్టేజి మీదికి వచ్చాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, ఆదిశేషుకి చెయ్యి అందించాడు.

"ఆవిణ్ణి బాగా చూసుకోండి సర్," అన్నాడు. "నా వల్ల కాలేదు."

"అలాగేనండీ," అన్నాడు ఆదిశేషు.

మర్నాడు ట్రేసీ వీడియో కాల్ చేసి, జనం అంతా చూసేలా పెళ్లి ఎప్పుడు పెట్టుకుందాం అంది.

"మాకు పెళ్లయింది," అంది వసంతలక్ష్మి. "ఎనభై ఒకటిలో, తెనాలిలో."

"అది లక్కీతో కదా," అంది ట్రేసీ.

"అమ్మా, ప్లీజ్," అంది రచన. "ఇట్స్ జస్ట్ వన్ మార్నింగ్."

పెళ్లి కమ్మింగ్‌లో ఒక మైదానంలో ఏర్పాటు చేశారు. చిక్కు పురోహితుడి దగ్గర వచ్చింది. ఆయన వధూవరుల గోత్రాలడిగి పెన్ను పక్కన పెట్టేశాడు.

"కుదరదండీ. ఇద్దరిదీ ఒకటే గోత్రం. సగోత్రీకులకు నేను పెళ్లి చేయను."

"పెళ్లయితే భర్త గోత్రమే కదండీ వస్తుంది," అంది వసంతలక్ష్మి. "మాకు పెళ్లయింది గనకే ఒకటి."

"పెళ్లయితే మళ్లీ ఎందుకు? అవకపోతే గోత్రం ఎలా కలిసింది?" అన్నాడాయన. 

చివరికి ఆంజనేయప్రసాద్ దంపతులు ఆమెను కూతురిగా స్వీకరించి, తమ గోత్రంతో కన్యాదానం చేస్తామన్నారు. పెళ్లికూతురికంటే పెళ్లికూతురి తండ్రి రెండేళ్లే పెద్ద. అయినా ఆ పొద్దున కాళ్లు కడిగేవేళ ఆయన ఆపుకోలేకపోయాడు. "మా అమ్మాయికి కోపం తొందర బాబూ," అన్నాడు ఆదిశేషుతో ముక్కు చీదుతూ. "మీరే సర్దుకుపోవాలి."

"అలాగే మామయ్యగారూ," అన్నాడు ఆదిశేషు.

వేలమంది కౌబాయ్ టోపీలవాళ్లు అక్షింతలు వేశారు. కొందరు అవి తినేవనుకుని తిన్నారు. లక్కీలంతా కలిసి ఒక టోస్టర్ బహుమతి ఇచ్చారు.

మధ్యాహ్నం ఇద్దరూ బొట్టూ బాసికాలతోనే కారులో ఇంటికి బయల్దేరారు. ఆదిశేషు డ్రైవ్ చేస్తున్నాడు. కొంతదూరం పోయాక, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, "వసంతా, ఒకటి అడుగుతాను. ఏమీ అనుకోవుగా?" అన్నాడు.

"అడగండి."

"నిజంగా ఎవరైనా ఉన్నారా? లక్కీ లాంటివాడు. ఎప్పుడైనా."

ఆమె విస్తుపోయి చూసింది. "మీక్కూడా పిచ్చి పట్టిందా? డిష్‌వాషర్ గురించని మీకు తెలియదూ?"

"తెలుసు. కానీ నువ్వు పాడుతుంటే నాకూ ఏడుపొస్తుంది. డిష్‌వాషర్ గురించి అంత ఏడుపు రాదు కదా. ఎవరో ఉండి ఉంటారు."

వసంతలక్ష్మి ఒంటి మీద అక్షింతలు ఒక్కోటీ ఏరి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఒకళ్లు కాదండీ," అంది చివరికి. "ఎంతమందివో ఊపిరితిత్తులు చూశాను. వెన్నెముకలు చూశాను. మచ్చ ఉంటే మచ్చ ఉందని రాసేదాన్ని. వాళ్లెవరో తెలియదు, తర్వాత ఏమయ్యారో తెలియదు. ఒక్కళ్లు కూడా నా గదిలోకి రాలేదు. రిపోర్టు పంపేస్తే సరి, ఇంకో ఫిల్ము వచ్చేది. పాడేటప్పుడు వాళ్లు గుర్తొస్తారు. మొహాలు తెలియవు గనక ఎముకలే గుర్తొస్తాయి."

ఆదిశేషు కారు పక్కకు తీసి ఆపాడు.  చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ అలా కూర్చున్నారు. పక్కనుంచి పోయే ట్రక్కువాళ్లు కొత్త దంపతుల్ని చూసి హారన్లు కొట్టారు.

కొత్త పెళ్లి మీద తెచ్చిన ఆల్బమ్ అంతగా ఆడలేదు. అందులో అన్నీ సంతోషం పాటలే. జనం మర్యాదకు విని ఊరుకున్నారు. కంపెనీ మెల్లిగా ఫోన్లు తగ్గించింది. రచన వేరే పనుల్లో పడింది. వసంతలక్ష్మి మళ్లీ చిన్న ఊళ్ల హాళ్లలో పాడటం మొదలుపెట్టింది. ఆమెకు అదే బాగుంది. పక్క స్టూలు మీద ఆదిశేషు కూర్చునేవాడు. అతనికి వాయించడం రాదు, పాడటం రాదు. కూర్చోవడం బాగా వచ్చు.

చట్టనూగాలో ఒక శనివారం, పొగ అలారం పాట మధ్యలో అతనికి బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఆపుకోగలిగినంత ఆపుకున్నాడు. ఇక లాభం లేక స్టూలు దిగి, వంగి, ఎవరికీ అడ్డం రాకుండా పక్కకు వెళ్లిపోయాడు.

హాలంతా ఒక్కసారి కెవ్వుమంది.

"ఇతను కూడా పోయాడు!" అన్నారెవరో. ఆడవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఖాళీ స్టూలు మీదికి లైటు దానంతటదే తిరిగినట్టు తిరిగింది. వసంతలక్ష్మి అటు చూసింది. అతను ఎక్కడికి వెళ్లాడో ఆమెకు తెలుసు. అయినా ఆ స్టూలు ఖాళీగా చూసేసరికి, ఏ మూల ఉన్నావో తెలియదు అనే చరణం ఎత్తుకుని, ముందెప్పుడూ పాడనట్టు పాడింది. గిటార్ వాయించేవాడు వాయించడం మర్చిపోయాడు.

చరణం ముగుస్తుండగా ఆదిశేషు తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ తిరిగొచ్చి స్టూలెక్కి కూర్చున్నాడు.

జనం కుర్చీలెక్కి మరీ చప్పట్లు కొట్టారు. వెళ్లినవాడు తిరిగొచ్చిన పాట వాళ్లు ఇంతవరకు వినలేదు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. ట్రేసీ మళ్లీ ఫోన్ చేసింది. ఇప్పుడు వెస్ట్ అండ్ లక్కీ టికెట్లు ఊరూరా ముందే అయిపోతున్నాయి.

స్టేజి ఎక్కే ముందు ఆదిశేషు పెద్ద సీసాడు నీళ్లు తాగుతాడు. రెండో పాట మొదలవగానే భార్య వంక చూస్తాడు. ఆమె కళ్లతోనే, ఇంకా కాదు, కాసేపు ఆగండి అంటుంది.